హాలిఫాక్స్‌కి ఆలస్యంగా చేరండి

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళల్లో కెనడా ప్రయాణం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. మథురాకాటిలో అడగండి, నింపురాలో అడగండి, ఏదో ఒక ఇంటి పిల్లలు టొరాంటోలో ఉంటారు. మా అమ్మాయి ఇంకా తూర్పుకి పోయి, దేశం కొసన, అట్లాంటిక్ ఒడ్డున, హాలిఫాక్స్‌లో స్థిరపడింది. 1749లో ఇంగ్లీషువాళ్ళు దిగి కట్టుకున్న రేవు పట్నం అది. నేను గూడ్సు గార్డుగా చేరి మెయిలు గార్డుగా రిటైరైనవాణ్ణి. మా ఆవిడా నేనూ ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళొచ్చాం. మొదటిసారి పిల్లలు వేసిన ప్లాను, రెండోసారి నేను వేసిన ప్లాను. నాది చూసి మా అల్లుడు, టికెట్లు కొనిపెట్టే కుర్రాడు, పక్కింటి రిటైర్డు హెడ్ క్లర్కు గారు, ముగ్గురూ ఒకటే మాట అన్నారు, అంతా తలకిందులుగా ఉందని. మీరు కూడా అలాగే వెళ్ళండని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మొదటిసారి మూడు విమానాలు మారి దిగాం. ఒక రోజు విశ్రాంతి. మర్నాటి నుంచి రోజుకి మూడు చోట్లు: కోట, పూలతోట, లైట్‌హౌసు, మ్యూజియం. ఆరు రోజుల్లో అయిపోయింది. తిరిగొచ్చాక గోల్‌బజార్‌లో పాత స్నేహితుడు ఎదురై "ఊరెలా ఉందిరా?" అంటే నాకు నోట మాట రాలేదు. ఫోను తీసి ఫొటోలు చూపించాను. వాడు మర్యాదకి చూశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫయ్యారేళ్ళు బ్రేకు వ్యానులో కూర్చుని, ప్రతి స్టేషన్‌లో దీపాలెన్నో చెప్పగలిగినవాణ్ణి, కూతురుండే ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను.

కాబట్టి ముందుగా, హాలిఫాక్స్‌కి విమానం టికెట్టు కొనకండి. టొరాంటోలోనో మాంట్రియాల్‌లోనో విమానానికి దణ్ణం పెట్టి దిగిపోండి. మాంట్రియాల్ నుంచి హాలిఫాక్స్‌కి ఒక రైలుంది. పేరు ఓషన్. 1904 జూలైలో మొదలైంది, ఇవాళ్టికీ నడుస్తోంది. ఉత్తర అమెరికాలో పేరున్న బళ్ళలో ఇంతకాలంగా ఆగకుండా నడుస్తున్నది ఇంకొకటి లేదు. వారానికి మూడు రోజులే ఉంటుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దింపుతుంది. 1,346 కిలోమీటర్లు, దాదాపు 22 గంటలు. ఇంచుమించు హౌరా నుంచి ఒంగోలు వెళ్ళినంత దూరం. విమానమైతే గంటన్నర. బెర్తు తీసుకుంటే రైలుకే డబ్బెక్కువ పడుతుంది. అయినా రైలే ఎక్కండి, బెర్తే తీసుకోండి.

అక్కడ లైను సరుకు బళ్ళ కంపెనీది. ప్రయాణికుల బండి దాని మీద అద్దెకి నడుస్తుంది. అందుకని గూడ్సు ఎదురొస్తే మనమే లూపులో ఆగాలి. నా సర్వీసు మొదట్లో ఏళ్ళ తరబడి గూడ్సుని పక్కన పెట్టించి మెయిళ్ళకి దారిచ్చినవాణ్ణి నేను. ఎండలో, వానలో, నీళ్ళు లేని చోట గంటల కొద్దీ నిలబడ్డవాణ్ణి. మాంక్టన్ అవతల ఎక్కడో మెయిలు ఆగి గూడ్సుకి దారిస్తుంటే కిటికీకి ముఖం ఆనించి చూశాను. మా ఆవిడ వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టి నూట ముప్ఫై దగ్గర ఆపేసింది. బోగీలో పడుచువాళ్ళు విసుక్కుంటున్నారు. మీరు విసుక్కోకండి. ఆలస్యమైతే అవనివ్వండి. తెల్లారాక ఫర్ చెట్లు, మెటాపీడియా లోయలో పట్టాల పక్కనే నది, చెక్క ఇళ్ళు, ఎవరూ దిగని చిన్న స్టేషన్లు, ఇవన్నీ కళ్ళలోకి ఎక్కాలంటే అంతసేపూ పడుతుంది. దారిలో గడియారం ఒక గంట ముందుకి తిప్పుకోవాలి. హాలిఫాక్స్‌ది అట్లాంటిక్ టైము.

ఊరు చేరేటప్పుడు బండి లోతైన కటింగులోంచి వెళుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కొత్త రేవు కోసం రాయి కోసి వేసిన దారి అది. రెండు పక్కలా నల్లరాతి గోడలు, పైన వంతెనలు. మన లైను మనుషులు చూడాల్సింది ఇంకొకటుంది. చివర్లో రేవు ఒడ్డున పట్టాలు గుండ్రంగా తిరిగే లూపు ఉండేది, బండి మొత్తం దాని మీద తిరిగి మొహం మార్చుకునేది. 2020లో ఆ చోటు కంటైనర్ల రేవుకి పోయింది. ఇప్పుడు బండికి రెండు చివర్లా ఇంజన్లు కట్టి నడుపుతున్నారు. అందుకని అందమైన వెనక పెట్టె, గుండ్రటి అద్దాలది, తీసేయాల్సొచ్చింది. తోక పెట్టెలో బతికినవాణ్ణి కదా, ఆ సంగతి విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

ఏ నెలలో వెళ్ళాలి? అందరూ సెప్టెంబర్ అంటారు, ఆకాశం తేటగా ఉంటుందని. నేను జూన్ మొదట్లో వెళ్ళమంటాను. అప్పుడు పొగమంచు. దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి తడిగాలి అక్కడి చల్లటి సముద్రం మీద పడగానే గడ్డకట్టినట్టు తెల్లగా లేస్తుంది. పొద్దున లేచి చూస్తే రేవు ఉండదు, వంతెన ఉండదు, ఎదురు ఒడ్డు ఉండదు. మొదటిసారి ఎండలో చూసినప్పుడు నాకు ఆ ఊరు కాలెండరు బొమ్మలా కనబడింది. మంచులో, ఎక్కణ్ణించో ఓడ కూత వినబడుతుంటే, ఇక్కడ మనుషులు దేనికి భయపడి బతికారో తెలిసింది. రేవు ముఖద్వారంలో సాంబ్రో దీవి మీద లైట్‌హౌసు 1758 నాటిది, అమెరికా ఖండాలు రెండింటిలోనూ ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. పాత రోజుల్లో మంచు కమ్మితే అక్కడ ఫిరంగి పేల్చి ఓడలకి దారి చెప్పేవాళ్ళు. పుష్యమాసంలో సిగ్నలు కనబడనప్పుడు మనం పట్టా మీద డిటోనేటర్లు పెట్టేవాళ్ళం, చక్రం కింద ఠప్పుమంటే డ్రైవరు బండి నెమ్మదించేవాడు. ఏ దేశమైనా మంచులో చెవినే నమ్ముకోవాలి. మంచు రోజుల్లో సముద్రం ఒడ్డు రాళ్ళ మీద మాత్రం తిరగొద్దు. పెగ్గీస్ కోవ్‌లో లైట్‌హౌసు కింద నల్లగా తడిసిన రాళ్ళుంటాయి, వాటి మీదికి ఎండ కాసిన రోజున కూడా కాలు పెట్టకండి. అల ఒక్కటి చాలు. పెగ్గీస్ కోవ్ గురించి నేను ఇంతకంటే చెప్పను, బస్సులన్నీ అక్కడికే తీసుకెళ్తాయి.

పిల్లలు ఒప్పుకోని సలహా ఒకటి. మొదటి రాత్రి వాళ్ళింట్లో పడుకోకండి. స్టేషన్‌కి ఆనుకునే ఒక పాత హోటలుంది, 1930లో రైల్వే వాళ్ళే కట్టింది. అక్కడ గది తీసుకోండి. మా అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "నాన్నా, ఇల్లు పెట్టుకుని హోటల్ ఏంటి?" అని ఫోన్లో అరిచింది. పొద్దున్నే హోటలుకి వచ్చెయ్యమ్మా, నడిచి వెళ్దాం అన్నాను. ఆ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే పియర్ 21. 1928 నుంచి 1971 దాకా దాదాపు పది లక్షల మంది వలసవాళ్ళు ఓడ దిగింది ఆ షెడ్డులోనే. ఇప్పుడది వలసల మ్యూజియం. ఓడ దిగి, బల్లల మీద వరసగా కూర్చుని, డాక్టరుకి కళ్ళూ గొంతూ చూపించుకుని, కాగితం మీద ముద్ర వేయించుకుని, అవతలి గుమ్మంలోంచి నేరుగా రైలెక్కేవాళ్ళు. ఆ రైళ్ళలో చెక్క బల్లలు, పెట్టె చివర ఒక పొయ్యి. అన్నం వాళ్ళే వండుకోవాలి. నాలుగైదు రోజులు అలాగే పోయి మైదానాల్లో తెలియని ఊళ్ళో దిగేవాళ్ళు.

నేను అక్కడ మా తాతని చూశాను. మన తూర్పు తీరపు లైనులో ఉత్తరపు ముక్క 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు, లోకో షెడ్డు పెరిగాయి, మనుషులు కావలసొచ్చారు. టెక్కలి వైపు నుంచి, పలాస వైపు నుంచి, చీకాకోలు పల్లెల నుంచి మనవాళ్ళు బండెక్కారు. మా తాత నౌపడాలో ఎక్కాడట. చేతిలో రేకు పెట్టె, మూటలో చోడిపిండి, బంగ్లా ఒక్క ముక్క రాదు. దిగాక చేతికి నంబరు బిళ్ళ ఇచ్చారు, ఆ నంబరే ఆయన పేరైంది. పియర్ 21లో ఒక పాత ట్రంకు పెట్టె ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడింది. తాళం గొళ్ళెం విరిగి, తాడుతో కట్టిన పెట్టె. "మామయ్యగారి పెట్టె కూడా ఇలాగే తాడుతో కట్టుండేది" అంది. మా అమ్మాయి తన ముత్తాత సంగతి అంతకుముందెప్పుడూ అంత శ్రద్ధగా అడగలేదు. ఆ హాల్లో, బల్ల మీద కూర్చుని, అడిగింది. హాలిఫాక్స్‌లో మీకు ఒక్క పూటే దొరికితే కోట వదిలేయండి, ఇక్కడికే రండి.

ఇక శ్మశానాలకి వెళ్ళండి. విహారయాత్రకి పోయి శ్మశానమేమిటని మా అల్లుడు తల పట్టుకున్నాడు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు శవాలు వెతకడానికి ఓడలు వెళ్ళింది హాలిఫాక్స్ నుంచే. 209 మందిని ఈ రేవుకి తెచ్చారు, 150 మందిని ఇక్కడే పూడ్చారు. ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో 121 రాళ్ళు, ఓడ ముక్కులాగా వంపు తిరిగిన వరసల్లో ఉంటాయి. కొన్నిటి మీద పేరు లేదు, నంబరూ తారీఖూ ఉంటాయి. 227 నంబరు రాయి మీద జె. డాసన్ అని ఉంటుంది. సినిమాలో హీరో అనుకుని పిల్లలు పూలు పెట్టి ఏడుస్తారు. ఆయన పేరు జోసెఫ్ డాసన్. ఓడ అడుగున, ఫైర్‌మెన్‌కి బొగ్గు అందించే కూలీ. స్టీమ్ రోజుల్లో మా నాన్న నింపురా నుంచి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బొగ్గు ఉండేది, అమ్మ కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది. ఆ రాయి ముందు నాకు సినిమా గుర్తు రాలేదు. మీరు పూలు పట్టుకెళ్ళండి, ఆ బొగ్గు మనిషికి పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఇది తెలియకుండా మన రైల్వే మనుషులెవరూ ఆ ఊరు పోకూడదు.

1917 డిసెంబర్ 6, పొద్దున. యుద్ధం జరుగుతోంది. మాంట్ బ్లాంక్ అనే ఫ్రెంచి ఓడ నిండా మందుగుండు, డెక్కు మీద బెంజాల్ పీపాలు, రేవులోకి వస్తోంది. ఇమో అనే నార్వే ఓడ బయటికి పోతోంది. రేవు ఇరుకైన చోట రెండూ గుద్దుకున్నాయి. నిప్పంటుకుంది. ఓడ మండుతూ మండుతూ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పిల్లా పెద్దా కిటికీల దగ్గర నిలబడి చూస్తున్నారు, లోపల ఏముందో వాళ్ళకి తెలియదు. అక్కడికి దగ్గర్లోనే రిచ్‌మండ్ యార్డు. అందులో విన్సెంట్ కోల్మన్ డ్యూటీలో ఉన్నాడు. ఆయన ట్రెయిన్ డిస్పాచర్. మన లెక్కలో సెక్షన్ కంట్రోలర్ అనుకోండి. వయసు 45. ఓడ సంగతి తెలిసిన నావికుడొకడు వచ్చి పారిపొమ్మన్నాడు. కోల్మన్ బయల్దేరాడు కూడా. అప్పుడు గుర్తొచ్చింది, సెయింట్ జాన్ నుంచి 10 నంబరు రాత్రి బండి దాదాపు మూడు వందల మందితో వస్తోందని. వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చుని, తంతి కొట్టాడు. మందుగుండు ఓడ మండుతోంది, బండి ఆపండి, ఇదే నా చివరి కబురేమో, సెలవు అని. తొమ్మిది దాటి నాలుగు నిమిషాలకి ఓడ పేలింది. దాదాపు 2,000 మంది చచ్చిపోయారు, 9,000 మందికి దెబ్బలు తగిలాయి. కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళు ఎందరో కళ్ళు పోగొట్టుకున్నారు. ఓడ లంగరు కాడ, అరటన్ను పైన బరువుది, మూడు కిలోమీటర్ల అవతల పడింది. కోల్మన్ తన సీటులోనే పోయాడు.

10 నంబరు బండి రాకింగ్‌హామ్ స్టేషన్‌లో ఆగి ఉంది. అద్దాలు పగిలాయి, మనుషులు బతికారు. ఆ తంతి వల్ల ఆగిందా, ఆ రోజు బండి అసలే ఆలస్యంగా నడుస్తోందా అని చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. నన్నడిగితే ఆ వాదన కంట్రోలు కుర్చీ ఎరగనివాళ్ళది. కబురు లైను పొడవునా అన్ని స్టేషన్లూ విన్నాయి, హాలిఫాక్స్‌లో ఘోరం జరిగిందని ట్రూరో పట్నం దాకా తెలిసింది. ఆ రోజే సహాయం రైళ్ళు బయల్దేరాయి. ఆగిపోయిన ఆ బండే ఊళ్ళోకి వచ్చి గాయపడ్డవాళ్ళని ఎక్కించుకుని ట్రూరోకి పోయింది. బోస్టన్ నుంచి కూడా డాక్టర్లతో రైలొచ్చింది. ఆ ఋణం మర్చిపోకుండా హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్రం వాళ్ళు 1971 నుంచి ఏటా బోస్టన్‌కి పెద్ద క్రిస్మస్ చెట్టు పంపుతున్నారు.

రేవు ఒడ్డున సముద్ర మ్యూజియంలో కోల్మన్ తంతి మీట, గడియారం, కలం దాచి ఉంచారు. మీట ఇత్తడిది, అరచేతిలో పడుతుంది. మా ఆవిడ "ఇంత చిన్నదా?" అంది. సింగిల్ లైను రోజుల్లో నేను కేబిన్లలో ఇలాంటివి ఎన్నో చూశాను. రాత్రి రెండింటికి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, మనిషి ఒక్కడే టకటకమని లైన్ క్లియర్ అడుగుతుంటాడు. ఆ మీట మీద వేలు పెట్టే చోట నల్లటి గుండీ ఉంటుంది. అక్కడ నిలబడి నేను జోడు తీసి తుడుచుకున్నాను. మొదటిసారి ఈ మ్యూజియానికే వచ్చి, టైటానిక్ కుర్చీ చూసి, ఈ మీట ముందునుంచే నడిచి వెళ్ళిపోయాం. చెప్పేవాళ్ళు లేరు.

హాలిఫాక్స్ నుంచి డార్ట్‌మత్‌కి రేవు దాటించే పడవలు 1752 నుంచి నడుస్తున్నాయి. ఇప్పటి పడవల్లో ఒకదానికి విన్సెంట్ కోల్మన్ అని పేరు పెట్టారు, జనమే ఓటేసి ఎంచుకున్నారు. వచ్చిన పడవ ఎక్కేయకండి. ఆ పేరున్నది వచ్చేదాకా ఒడ్డున కూర్చోండి. మేం రెండు వదిలేశాం. ఇంకో పడవ పేరు వయోలా డెస్మండ్. ఆవిడ ఈ ఊళ్ళో బ్యూటీ పార్లర్ నడిపిన నల్లజాతి స్త్రీ. 1946లో న్యూ గ్లాస్గో సినిమా హాల్లో తెల్లవాళ్ళ సీటులోంచి లేవనందుకు జైల్లో పెట్టారు. ఇప్పుడు పది డాలర్ల నోటు మీద ఆవిడ బొమ్మే ఉంది. నోటు ఖర్చుపెట్టే ముందు ఒకసారి చూడండి.

ఆ నోటు చూశాక ఆఫ్రిక్‌విల్‌కి వెళ్ళకుండా రావద్దు. ఊరి ఉత్తరపు చివర, నీళ్ళ ఒడ్డున, నల్లజాతివాళ్ళు వందేళ్ళకి పైగా బతికిన పేట. పన్నులు కట్టించుకుని కూడా నగరం వాళ్ళకి నీళ్ళ కుళాయి వెయ్యలేదు. రైలు పట్టాలు ఇళ్ళ మధ్యలోంచే వేశారు. అంటువ్యాధుల ఆసుపత్రి, చివరికి చెత్తకుప్ప తెచ్చి పక్కన పెట్టారు. 1960ల్లో పేట మొత్తం కూలగొట్టారు. కొందరి సామాను చెత్త లారీల్లో తరలించారు. 2010లో నగరం క్షమాపణ చెప్పింది, కూల్చిన చర్చిని మళ్ళీ అలాగే కట్టి మ్యూజియం చేశారు. ఏటా వేసవిలో ఆ పేటవాళ్ళు, వాళ్ళ పిల్లలూ అక్కడే గుడారాలు వేసుకుని కలుసుకుంటారు. పట్టాల పక్కన ఇల్లుండి కుళాయి లేకపోవడమంటే ఏమిటో మన బస్తీల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నేను ఆ చర్చి మెట్టు మీద కూర్చుని గూడ్సు పోయేదాకా చూశాను.

కొన్ని పనికొచ్చే మాటలు గబగబా. తల్లిదండ్రులకి సూపర్ వీసా అని ఉంది, దానికి లక్ష డాలర్ల ఆరోగ్య బీమా కావాలి, తొందరపడి తక్కువది కొనకండి. తినే వస్తువులేవి పట్టుకెళ్ళినా దిగిన చోట అడిగితే ఉన్నవి ఉన్నట్టు చెప్పేయండి. హాడక్ చేప తినండి, మన నోటికి పులుసు లేకపోయినా బాగానే ఉంటుంది. జూన్‌లో కూడా స్వెట్టరు పెట్టెలో అడుగున పెట్టొద్దు.

తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే. బండి మధ్యాహ్నం. కోట మీద క్రిస్మస్ ఒక్కరోజు తప్ప రోజూ సరిగ్గా పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. వేసవిలో ఆ సమయానికి ఖరగ్‌పూర్‌లో రాత్రి ఎనిమిదిన్నర. ముందే మీ వాళ్ళకి ఫోను కలిపి పట్టుకోండి. మా తమ్ముడు ఆ చప్పుడు విని "వర్క్‌షాప్ సైరనులా లేదు, ఏదో పేలింది వదినా" అని కంగారుపడ్డాడు.

సీటు కుడివైపు తీసుకోండి. బండి కటింగు దాటాక కుడిచేతి పక్క నీళ్ళు కనబడతాయి, బెడ్‌ఫర్డ్ బేసిన్ అది. యార్డు పక్కనుంచి పోతుంటే రాకింగ్‌హామ్ వస్తుంది. బండి ఇప్పుడక్కడ ఆగదు. నేను లేచి నిలబడ్డాను. "దిగే స్టేషనా?" అని మా ఆవిడ సంచీ సర్దుకోబోయింది. కాదన్నాను. రాకింగ్‌హామ్ అన్నాను. ఆవిడ కూడా లేచి నిలబడింది.